మొదటి పుస్తకం మీ నడుము కోసం తెచ్చుకోండి

ప్రశ్న: అక్కయ్యగారికి నమస్కారం. మాది కావలి. నాకు 43 ఏళ్లు. మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట కూడా సరిగా రాదు. ఏడాదిన్నరగా ఆమెకు అన్నీ మంచంలోనే, చేసేది నేనే. మావారికి రొయ్యల గుంటలు, రాత్రిళ్లు ఎక్కువగా అక్కడే ఉంటారు. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. అందరూ పడుకున్నాక ఫోన్ పట్టుకుంటే ఒంటిగంట దాకా రీల్స్ చూస్తూనే ఉంటాను. తెల్లారి లేవలేను. నడుము పట్టేస్తుంది. చిన్న మాటకే అరుస్తాను, తర్వాత బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఏడుస్తాను. ఈమధ్య నెలసరి కూడా అటూ ఇటూ అవుతోంది, ఎవరినైనా అడగాలంటే సిగ్గు. ‘మీ కోసం కాస్త సమయం పెట్టుకోండి’ అని వీడియోల్లో చెబుతారు. ఆ సమయం ఎక్కడుంది? మా ఇంటికి పది నిమిషాల దూరంలో గ్రంథాలయం ఉంది. పెళ్లికి ముందు బాగా చదివేదాన్ని. ఇప్పుడు అటు తొంగి చూస్తే పేపర్లు చదివే పెద్దాయనలు, పరీక్షలకు తయారయ్యే కుర్రాళ్లే కనిపిస్తారు. అక్కడి పుస్తకాలు తెచ్చుకుని ఇంట్లోనే నన్ను నేను కాస్త బాగుచేసుకోగలనా? మంచంలో మనిషిని పెట్టుకుని పుస్తకాలు ముందేసుకుందంటే లోకం ఏమనుకుంటుంది?
– ఒక సోదరి, కావలి

సమాధానం:

చెల్లెమ్మా,

చివర అడిగినదానికి ముందు జవాబు చెబుతాను. అది తేలకపోతే మిగతా ఏ సలహా చెప్పినా మీరు గడప దాటరు. లోకం ఏమనుకుంటుందో అని ఆగిపోతే మీ నడుము, మీ నిద్ర, మీ ఓర్పు ఒకదాని వెనక ఒకటి దెబ్బతింటాయి. ఆ రోజున మీ అత్తగారిని పక్కకు తిప్పి పడుకోబెట్టడానికి లోకం రాదు. ఆమెను ఇంకా ఎన్నాళ్లో చూసుకోవాల్సిన మనిషి మీరు. మీ ఒంట్లో సత్తువ నిలిస్తేనే ఆమెకు ఆసరా. కాబట్టి గ్రంథాలయానికి వెళ్లి రండి, తల ఎత్తుకుని వెళ్లి రండి.

అక్కడ మగవాళ్లే కనిపిస్తారన్నది నిజం. నెల్లూరు జిల్లా గ్రంథాలయాల్లో చాలాకాలం పనిచేసినదాన్ని, పొద్దున తలుపు తీసేసరికి పేపర్ల కోసం ఎవరు నిలబడి ఉంటారో నాకు తెలుసు. అదంతా అలవాటు మీద జరిగిపోతున్నది, ఆడవాళ్లు రాకూడదన్న నియమం ఎక్కడా లేదు. మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. 1960లో వచ్చిన పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరుతుంది. అంటే ఏటా మీ ఇంటి నుంచి చందా వెళుతూనే ఉంది. ఆ గదిలోని బీరువాల మీద, కుర్చీల మీద ఆ పెద్దాయనలకు ఎంత హక్కుందో మీకూ అంతే ఉంది.

మన ప్రాంతానికి ఈ విషయంలో మంచి చరిత్రే ఉంది. ఒకప్పటి ప్రకాశం జిల్లాలోని వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం పెట్టారు. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. 1935లో గుంటూరు జిల్లాలో గ్రంథాలయ ఉద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవలో పెట్టి కాలువ వెంట ఊరూరికీ పంపారు. పాఠకులు రాలేకపోతే పుస్తకమే వాళ్ల దగ్గరికి వెళ్లాలని నమ్మినవాళ్లు వేసిన దారి ఇది. మీరు ఇంట్లోంచి ఎక్కువసేపు కదల్లేరు కాబట్టి ఈ మాట చెబుతున్నాను. చదివే గదిలో కూర్చోవాల్సిన పని మీకు లేదు. సభ్యత్వం తీసుకుంటే పుస్తకాలు ఇంటికే తెచ్చుకోవచ్చు.

సభ్యత్వానికి దరఖాస్తు ఇస్తారు. ఆధార్ నకలు, ఫొటో దగ్గర పెట్టుకోండి. చిన్న మొత్తం డిపాజిట్ కట్టమంటారు, సభ్యత్వం మానుకున్నప్పుడు అది తిరిగి వస్తుంది. శాఖా గ్రంథాలయాలు మామూలుగా పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరిచి మధ్యాహ్నం మూస్తారు. వారంలో సెలవు మనవైపు శుక్రవారమే ఎక్కువ. వెళ్లే ముందు బోర్డు మీద వేళలు చూసుకోండి. ఎండలో పడి వెళ్లి తాళం చూసి వెనక్కి వస్తే మళ్లీ వెళ్లబుద్ధి కాదు. కార్డు మీ పేరు మీదే తీసుకోండి, అబ్బాయి పేరు మీద వద్దు. తేవడం, ఇవ్వడం కావాలంటే వాడు చేస్తాడు. కార్డు మీద మాత్రం మీ పేరుండాలి.

ఇక అసలు విషయం. మీరు ఏ పుస్తకం కోసం వెళతారో నేను ఊహించగలను. ధ్యానం, మనశ్శాంతి, సంతోషంగా జీవించడం ఎలా అన్న వరస దగ్గర ఆగుతారు. వాటిని తర్వాత చూద్దాం. ముందుగా రోగులను ఇంట్లో చూసుకునే పద్ధతులు చెప్పే పుస్తకం అడగండి. గృహ వైద్య సేవ, నర్సింగ్, పక్షవాతం వచ్చినవాళ్ల సంరక్షణ, ఇలా ఏ పేరుతో ఉన్నా సరే. బొమ్మలు ఎక్కువ ఉన్నది చూసి తీసుకోండి. ఎందుకంటే మీ నడుము నొప్పి ఎక్కడి నుంచి వస్తోందో మీ ఉత్తరంలోనే ఉంది. రోజుకు ఎన్నిసార్లో ఆమెను లేపుతున్నారు, జరుపుతున్నారు, తిప్పుతున్నారు. అది ఎలా చేయాలో మీకు ఎవరూ నేర్పి ఉండరు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు మందుల చీటీ చేతికిస్తారు గానీ, మనిషిని మంచంలో పైకి జరిపే పద్ధతి చూపించేంత తీరిక అక్కడ దొరకదు.

ఆ పుస్తకం దొరికేలోపు ఇవి మొదలుపెట్టండి. మంచం తక్కువ ఎత్తులో ఉంటే మీరు రోజంతా వంగే ఉంటారు. నాలుగు కోళ్ల కింద కదలకుండా కూర్చునే గట్టి దిమ్మలు పెట్టించి, పరుపు మీ తుంటి ఎత్తుకు వచ్చేలా చూడండి. ఆమెను కదిపేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్లు వంచండి. ఆమెను మీ ఒంటికి దగ్గరగా తెచ్చుకున్నాకే బలం పెట్టండి. బరువు పట్టుకుని నడుము మెలితిప్పకండి, పాదాలు మార్చుకుంటూ తిరగండి. పడిపోయిన కుడిచేతిని పట్టుకుని మాత్రం ఎప్పుడూ లాగకండి. ఆ భుజానికి పట్టు ఉండదు, కీలు జారిపోతుంది. మంచంలో పైకి జరపాలంటే పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి ఆమె భుజాల నుంచి తొడల దాకా కింద పరచండి. ఇద్దరు చెరోపక్క నిలబడి చీర అంచులు పట్టుకుని ఒకేసారి జరపాలి. ఆ రెండో మనిషి మీ అబ్బాయి. ఇంటర్ చదివే పిల్లాడికి ఇది పెద్ద బరువేమీ కాదు, వాడికి నాయనమ్మే కదా.

పడక పుండ్లు రాకుండా పగలు రెండు గంటలకోసారి పక్క మార్చమని ఏ పుస్తకమైనా చెబుతుంది. మడమలు, తుంటి ఎముకలు, నడుము కింద భాగం ఎర్రబారాయేమో రోజూ చూడమంటుంది. రాత్రి సంగతి మాత్రం మీ డాక్టర్ని అడగండి. గాలి పరుపు వేస్తే ఎంతసేపు ఒకే పక్కన ఉంచవచ్చో ఆయనే చెప్పాలి. మీరు ఒక రాత్రిలో ఎన్ని గంటలు వరసగా నిద్రపోగలరన్నది ఆ జవాబును బట్టే ఉంటుంది. అందుకే ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు మందుల గురించి అడిగే ముందే ఇది అడగండి.

తినిపించే పద్ధతి దగ్గర కాస్త ఆగుతాను. పక్షవాతం వచ్చినవాళ్లకు పడుకోబెట్టి జావ పోస్తే పొలమారుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. వీపుకు దిండ్లు ఆనించి నిటారుగా కూర్చోబెట్టి తినిపించాలి. తిన్నాక కూడా అరగంట అలాగే కూర్చోబెట్టి ఉంచాలి. పక్కకు ఒరిగిపోకుండా ఒక మనిషి దగ్గరుండాలి. ఆ అరగంటలో వంట చేయలేరు, బట్టలు ఉతకలేరు. ఊరికే దగ్గర కూర్చోవాలి, అంతే. సమయం ఎక్కడుందని అడిగారు కదా, మీ సమయం అక్కడుంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. ఇప్పటిదాకా ఆ అరగంటలు ఫోన్‌లోనో, మిగిలిన పనుల మీద బెంగతోనో పోయి ఉంటాయి. వీడియోల్లో చెప్పే తీరిక వేళలు మీకు విడిగా ఎవరూ తెచ్చివ్వరు. చాకిరీ మధ్యలోనే ఉన్న ఈ అరగంటలను మీరు పట్టుకోవాలి. పట్టుకోవడానికి చేతిలో ఒక పుస్తకం ఉంటే చాలా తేలిక.

పొద్దున అరగంట ఆమె కోసం పైకి చదవండి. మాట రానంత మాత్రాన ఆమెకు ఏదీ అర్థం కావడం లేదని అనుకోకండి. పక్షవాతంలో మాట పోయినా అర్థం చేసుకునే శక్తి మిగిలి ఉన్నవాళ్లు చాలామంది. ఆమెకు ఏది ఇష్టమో మీకు తెలిసే ఉంటుంది. పురాణ కథలా, పాత కుటుంబ నవలలా, పల్లెటూరి హాస్య కథలా అని అడగండి. తల ఊపుతుంది, లేదా ఎడమచేయి కదుపుతుంది. గట్టిగా చదివేటప్పుడు మీ ఊపిరి దానంతటదే నెమ్మదిస్తుంది, గొంతు తెరుచుకుంటుంది. ఏడాదిన్నరగా మీ ఇద్దరి మధ్య మందులు, జావ, గుడ్డలు మార్చడం తప్ప వేరే మాట లేకపోయి ఉంటుంది. ఒక కథ వస్తే ఇద్దరికీ ఇంకో సంగతి దొరుకుతుంది. ఇంట్లో చేసుకోదగ్గ వాటిలో ఇంతకంటే మంచి మందు నాకు తెలియదు.

మధ్యాహ్నం అరగంట మీది. అప్పుడు పుస్తకంలో చెప్పిన ఒక్క పని చేయండి. గ్రంథాలయ పుస్తకాన్ని తిరిగి ఇచ్చే తేదీ అట్ట లోపలి చీటీ మీద వేస్తారు. ఆ గడువును మీకు అనుకూలంగా వాడుకోండి. ఒక గడువుకు ఒక పుస్తకం, ఆ పుస్తకంలోంచి ఒక్క పని. యోగా పుస్తకం తెస్తే అందులోని అన్ని ఆసనాల జోలికీ వెళ్లకండి, నడుముకు సంబంధించిన ఒకటి రెండు తేలికైనవి తీసుకుని గడువు దాకా అవే చేయండి. నొప్పి కాలిలోకి పాకుతున్నా, తిమ్మిరెక్కుతున్నా ఆసనాలు ఆపి డాక్టర్‌కు చూపించండి. ఊపిరి సాధన పుస్తకమైతే నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలడం, అదీ ఐదు నిమిషాలు. గడువు రోజున ఆ పని మీకు నప్పిందా లేదా అని ఒక నోటు పుస్తకంలో ఒకటి రెండు వాక్యాలు రాసుకుని, పుస్తకం ఇచ్చేయండి. నప్పితే కొనసాగించండి, లేకపోతే దాన్ని వదిలేసినందుకు బాధపడకండి. బీరువాలో ఇంకా చాలా పుస్తకాలున్నాయి. డబ్బు పెట్టి కొన్న పుస్తకమైతే దండగైందే అనిపిస్తుంది. గ్రంథాలయంలో ఆ బాధ లేదు.

పుస్తకం ఎలా వెతకాలో చెబుతాను. పుస్తకాల వెన్ను మీద అంకెలుంటాయి. విషయానికో అంకె ఇచ్చే డ్యూయీ పద్ధతిలో సర్దిన చోట 613 అంటే ఆరోగ్య రక్షణ, యోగా, వ్యాయామం. 641 ఆహారం, వంట. 649లో పిల్లల పెంపకంతో పాటు ఇంట్లో రోగుల సంరక్షణ ఉంటుంది. 158 దగ్గర మనసును చక్కబెట్టుకునే పుస్తకాలు, 635 దగ్గర పెరటి తోటలు, 746 దగ్గర కుట్లు, అల్లికలు. చిన్న శాఖల్లో ఈ వరస సరిగా పాటించకపోవచ్చు. అప్పుడు లైబ్రేరియన్‌ని అడిగేయండి. మొహమాటపడకండి. ఆ ఉద్యోగంలో చేరేవాళ్లంతా చదివే, మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారి ఐదు సూత్రాలు 1931 నుంచీ ఉన్నాయి. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలన్నది వాటిలో రెండోది, పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది నాలుగోది. ‘మంచంలో ఉన్న మనిషిని చూసుకుంటున్నాను, ఎక్కువసేపు ఆగలేను, ఫలానా విషయం మీద పుస్తకం తీసి పెట్టండి, మా అబ్బాయి వచ్చి తీసుకుంటాడు’ అని చెప్పండి. అలా అడిగిన ఆడవాళ్లకు నేనూ, నాతో పనిచేసినవాళ్లూ ఇష్టంగా తీసిపెట్టేవాళ్లం. ఆ శాఖలో లేకపోతే నెల్లూరు జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఉందేమో కనుక్కోమనండి. సలహాల రిజిస్టరులో ఫలానా పుస్తకం కావాలని రాయండి. ఆడవాళ్ల నుంచి అలాంటి రాతలు వస్తేనే కొనేవాళ్లకు ఏం కొనాలో తెలుస్తుంది.

మనవైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, వాయుగుండాలు. ఆ రోజుల్లో పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి పంపండి. అప్పుడు బయటికి వెళ్లలేకపోతే ఫోన్‌లోనే చదువుకోవచ్చు. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉచితం. తెలుగు వికీసోర్స్, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్లలో పాత తెలుగు పుస్తకాలు వేలకొద్దీ ఉన్నాయి. అయితే వీటిని పగటిపూటకే ఉంచుకోండి. రాత్రి ఫోన్ చేతికి వచ్చిందంటే పుస్తకం పేజీ నుంచి రీల్స్‌కు జారిపోవడానికి ఒక్క వేలి కదలిక చాలు.

ఆ రీల్స్ గురించి మిమ్మల్ని మందలించే ఉద్దేశం నాకు లేదు. పగలంతా ఎవరో ఒకరి పనిలో ఉన్న మనిషి రాత్రి ఆ గంట తనదే అనుకుని పట్టుకుని వేలాడుతుంది, అందులో ఆశ్చర్యమేముంది? కానీ మధ్యాహ్నం మీదంటూ ఒక అరగంట దొరికాక రాత్రి అంత ఆకలి ఉండదు. పెద్దవాళ్లకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. మీకు ఐదు కూడా పడుతున్నట్టు లేదు. గుంటల దగ్గరి నుంచి మీవారు ఫోన్ చేయవచ్చు కాబట్టి దాన్ని ఆపేయమనను. గంట వినిపించేంత దూరంలో, చెయ్యి అందనంత దూరంలో, హాల్లో ఛార్జింగ్‌కు పెట్టేయండి. మంచం దగ్గర చిన్న కథల సంపుటి ఒకటి ఉంచుకోండి. ఉత్కంఠ నవలలు వద్దు, అవి తెల్లవార్లూ లాక్కుపోతాయి. ఎప్పుడు ఆపినా ఇబ్బంది లేని కథలు కావాలి. పసుపు రంగు లైటు వెలుగులో నాలుగు పేజీలు చదివేసరికి కళ్లు బరువెక్కుతాయి. నిద్ర పట్టక దొర్లుతుంటే లేచి కూర్చుని మరో కథ చదవండి, ఫోన్ మాత్రం ముట్టుకోకండి. సాయంత్రం నాలుగు దాటాక కాఫీ, టీ మానేయండి. నిద్ర ఒక్కటి సర్దుకుంటే కోపంలో సగం దానంతటదే తగ్గడం చాలామందిలో చూశాను.

నెలసరి గురించి సిగ్గుపడుతూ రాశారు. గ్రంథాలయం ఇందుకు కూడా పనికొస్తుంది, ఎవరినీ అడగకుండా చదివి తెలుసుకోవచ్చు. మన దేశంలో చాలామందికి 45, 50 ఏళ్ల మధ్య నెలసరి ఆగిపోతుంది. దానికి కొన్నేళ్ల ముందు నుంచే అటూ ఇటూ అవడం, ఒంట్లో వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఉన్నట్టుండి ఏడుపు రావడం ఉంటాయి. మీ కోపం, ఏడుపు వెనక ఇది కూడా ఉండొచ్చు. అయితే థైరాయిడ్ వల్లా, గర్భసంచిలో గడ్డల వల్లా కూడా ఇలా కావచ్చు. ఏడు రోజులు దాటినా ఆగకపోయినా, గడ్డలు గడ్డలుగా పోతున్నా, పూర్తిగా ఆగిపోయిన ఏడాదికి మళ్లీ కనిపించినా పుస్తకం పక్కన పెట్టి ఆడ డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఎలాగూ ఒకసారి బీపీ, షుగరు, థైరాయిడ్, రక్తంలో హిమోగ్లోబిన్ చూపించుకోండి. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం కంటే ఎక్కువ మందికి అది ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. తెల్లారి లేవలేకపోవడాన్ని మీరు బద్ధకం అనుకుంటున్నారేమో, రక్తం తక్కువైనా అలాగే ఉంటుంది.

ఆరోగ్యం బీరువా దగ్గర ఒక జాగ్రత్త చెప్పాలి. అక్కడున్న పుస్తకాలన్నీ ఒకే నాణ్యతలో ఉండవు. ముందు పేజీ వెనక ముద్రణ సంవత్సరం చూడండి. యోగాసనాల పుస్తకం పాతదైనా పరవాలేదు గానీ, మందుల గురించి చెప్పే పుస్తకం ఇరవై ఏళ్ల నాటిదైతే వద్దు. రాసినవాళ్లు డాక్టరా, పోషకాహార నిపుణులా, ఇంకెవరన్నదీ చూడండి. ఇన్ని రోజుల్లో షుగరు మాయం, ఒక్క కషాయంతో పక్షవాతం నయం అని అట్ట మీదే ఉన్న పుస్తకాన్ని అక్కడే పెట్టేసి రండి. ఏ పుస్తకం చదివినా మీ అత్తగారి బీపీ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. అలా ఆపితే మళ్లీ పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

తిండి విషయం క్లుప్తంగా. అందరికీ పెట్టాక మిగిలింది నిలబడి తినడం మానండి. అత్తగారికి జావ కలిపే ముందు మీరు తినేయండి, అప్పుడు ఆమెకు తినిపించేటప్పుడు మీకు విసుగు రాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయులకు 17 ఆహార సూత్రాలు విడుదల చేసింది, నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రక్తం పట్టడానికి మునగాకు, తోటకూర, రాగులు, సజ్జలు, చేపలు తింటూ, ఆ అన్నంలో కాస్త నిమ్మరసం పిండుకోండి. అన్నం తిన్న వెంటనే టీ తాగకండి, తిన్న ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

ఇంగ్లండులో 2013 నుంచి ‘రీడింగ్ వెల్’ అనే పథకం నడుస్తోంది. దిగులు, ఆందోళన తేలికపాటిగా ఉన్నవాళ్లకు డాక్టర్లు ఫలానా పుస్తకం చదవమని సూచిస్తారు, ఆ పుస్తకాలు ఊళ్లోని గ్రంథాలయంలో అందుబాటులో ఉంచుతారు. నిపుణులు ముందే చూసి ఎంపిక చేసిన పుస్తకాలవి. మన గ్రంథాలయాల్లోనూ అలాంటి ఒక అర ఉండాలని నా కోరిక. రోగులను చూసుకునే ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక అర, దాని మీద పెద్ద అక్షరాలతో బోర్డు. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. సభల్లో పెద్దలు మాట్లాడతారు, పిల్లలకు పోటీలు పెడతారు. ఆ వారంలో మీలాంటివాళ్లు నలుగురు వెళ్లి ఇది అడిగితే ఏదో ఒక శాఖలో మొదలవుతుంది.

పుస్తకాలకు అందని స్థితి ఒకటుంది, అదీ చెప్పాలి. రెండు వారాలకు పైగా ఏదీ బాగనిపించకపోయినా, ఏడుపు ఆగకపోయినా, ఎందుకీ బతుకు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు అది. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఇంట్లోవాళ్లకు చెప్పలేనిది వాళ్లకు చెప్పవచ్చు. నోటు పుస్తకం మొదటి పేజీలో ఈ నంబరు రాసిపెట్టుకోండి.

ఇక రాత్రి అరగంట మిగిలింది. అది మీది కాదు, మీవారిది. ఈ పేజీ ఆయనకు చూపించండి.

మరిదిగారూ, మేత, నీళ్లు, కరెంటు పోతే జనరేటరు, నీళ్లలోకి గాలి పంపే ఏరేటర్లు ఆగితే గుండె దడ. మీ టెన్షన్ తక్కువేమీ కాదని నాకు తెలుసు. అయినా గుంటల దగ్గరికి వెళ్లే ముందు మీ అమ్మగారికి తినిపించే పని మీరు తీసుకోండి. కాస్త పెందలాడే, సాయంత్రం ఆరింటికైనా పరవాలేదు. వీపుకు రెండు దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టండి. తల వెనక్కి వాలకుండా చూడండి. చిన్న స్పూనుతో, నోట్లోది మింగారని చూశాకే తర్వాతిది పెట్టండి. తొందరపెట్టకండి. దగ్గు వస్తే ఆగండి. ప్రతిసారీ పొలమారుతుంటే డాక్టర్‌కు చెప్పండి. తిన్నాక అరగంట ఆమె పక్కనే కూర్చుని గుంటల కబుర్లు చెప్పండి, కౌంట్ ఎంత వచ్చిందో, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో, రేటు ఎలా ఉందో చెప్పండి, ఆమె వింటుంది. ఆ సమయంలో మా చెల్లెలు గ్రంథాలయానికి వెళ్లి పుస్తకం మార్చుకుని వస్తుంది. శుక్రవారం గ్రంథాలయం ఉండదు, ఆ రోజు ఊరికే అలా నడిచి వస్తుంది.